ధ్రువపత్రానికి మొలిచిన తోక

కంప్యూటరు కడుపులో ఏ పేగు ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలిగిన మనిషి గోదావరి జిల్లాల్లో ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడూ ఈ కథ చెబుతున్న నేనే. ఊరి బడిలో ఇసకలో అక్షరాలు దిద్దుకున్నవాడికి ఇంత విద్య ఎలా అబ్బిందని అడక్కండి. కొందరికి అలా అబ్బుతుంది. అయినా ఇది నా కథ కాదు, చోడిశెట్టి అబ్బులు కథ.

అబ్బులు కాకినాడలో స్వయంభు సంరక్షణ మండలిలో ఇంజనీరు. స్వయంభు అంటే దేవుడు కాదు, ఆపరేటింగ్ సిస్టమ్. సొంత ఆపరేటింగ్ సిస్టమ్ లేని ప్రభుత్వం పక్కింటి బావిలో నీళ్లు తోడుకునే సంసారం లాంటిదని ఆ మధ్య ఎవరో ఒక సభలో అన్నారు. చప్పట్లు పడ్డాయి. చప్పట్లు పడ్డాక మన దగ్గర ఏ పనీ ఆగదు కనక స్వయంభు పుట్టింది. దాన్ని ఎవరు రాశారని అడిగితే ఎవరూ నేనని ఒప్పుకోలేదు కాబట్టి ఆ పేరు దానికి చక్కగా అతికింది. ఊరూరా ఉన్న సర్కారీ కౌంటర్లన్నీ దాని మీదే నడుస్తాయి. కాన్పు కాయితం నుంచి కాటి కాయితం దాకా అన్నీ అదే అచ్చేస్తుంది.

స్వయంభు నడిమధ్యన గింజలా ఒక భాగం ఉంటుంది. దాన్ని కెర్నల్ అంటారు. పని చేస్తున్న ప్రతి ప్రోగ్రాముకీ కాసింత మెమరీ ఇచ్చి, పనయ్యాక వెనక్కి తీసుకుని, ఇంకొకళ్లకి ఇచ్చేది అదే. ఆ గింజకి పురుగు పట్టకుండా చూడడం అబ్బులు ఉద్యోగం. పదేళ్లుగా చూస్తున్నాడు. పురుగు పట్టింది. ఆ సంగతి అతనికి కాక మంగతాయారు గారికి ముందు తెలిసింది.

మంగతాయారు గారు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. పింఛను రావాలంటే ఏటా బతికున్నట్టు ధ్రువపత్రం తీసుకోవాలి. ఆ కాయితం పట్టుకుని నేరుగా అబ్బులు బల్ల ముందుకొచ్చి కూర్చున్నారు.

"బాబూ, నేను బతికున్నానని మీ మిషను రాసిచ్చింది. సంతోషం. దాని కింద ఈ గురక గోలేంటి నాయనా?"

అబ్బులు కాయితం చూశాడు. 'పై వ్యక్తి సజీవులై యున్నారని ధ్రువీకరించడమైనది' అన్నదాని కింద, ఖాళీగా ఉండవలసిన చోట, ఇలా ఉంది: 'గురక ఆపరేషనుకు సెలవు కోరుచున్నాను. మా ఆవిడకు మాత్రం క్యాంపు అని తెలుపగలరు.' దాని కింద ఒకే ఒక్క మాట: 'పులసపులుసు'.

"నాకు గురక లేదు. ఉన్నా వినేవాళ్లు లేరు. పోనీ అది వదిలెయ్యి. శాకాహారిని, నాకెందుకయ్యా ఈ పులస?"

"అది మీది కాదండి మామ్మగారూ. ఆ కౌంటర్లో కూర్చునే గుమాస్తా పాస్‌వర్డండి."

"అలాగా! ఎక్స్ఛేంజిలో ఊరందరి గుట్టూ విన్నదాన్ని. ఈ చెవితో విని ఆ చెవితో మర్చిపోయేదాన్ని. ఇలా సీలేసి మరీ చేతికివ్వడం మాత్రం ఇదే చూడ్డం."

సంగతేమిటో అబ్బులుకి క్షణంలో అర్థమైంది. మీకూ చెబుతాను. టిఫిన్ హోటల్లో ఒకడు ఇడ్లీ తిని లేచాడు. ఆ పళ్లెం కడక్కుండా అందులోనే మీకు రెండు గారెలు వేసి తెచ్చారు. గారెలు మీవే. పళ్లెం అంచున ఉన్న చట్నీ మాత్రం ముందువాడిది. కెర్నల్ చేస్తున్నది సరిగ్గా ఇదే. ఒక ప్రోగ్రాము వాడి వదిలేసిన మెమరీని తుడవకుండా ఇంకోదానికి ఇస్తోంది. ధ్రువపత్రం అచ్చేసే ప్రోగ్రాము కాయితంలో పైసగమే నింపుతుంది. కిందిసగంలో ముందువాళ్ల ఎంగిలి అలాగే ఉండి, అదీ అచ్చవుతోంది.

ఈ పళ్లెం పోలిక నాది కాదు, అబ్బులుది. మొదట్లో నేను కోసిన కోతలు మీరు నమ్మి ఉంటే మీ మంచితనానికి దణ్ణం. నేను కంప్యూటరు కడుపు చూసింది జన్మలో ఒక్కసారి. మూత ఊడొస్తే తొంగి చూశాను. లోపల బల్లి ఉంది. అదీ నా విద్య.

మందు చాలా చిన్నది. పళ్లెం ఇచ్చే ముందు కడిగి ఇవ్వమని కెర్నల్లో ఒక్క వరుస రాయాలి. ఎవరికీ చెప్పకుండా రాసేద్దామని అబ్బులు చెయ్యి ముందుకు చాచాడు. కానీ డైరెక్టరు సంతకం లేనిదే కెర్నల్లో చుక్క కూడా పెట్టకూడదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తీసుకుంటూ ఉండగా ఒక సంగతి గుర్తొచ్చింది.

నిన్న అదే కౌంటరు బాగుచెయ్యడానికి వెళ్లి తన పాస్‌వర్డ్ కొట్టాడు. మొన్న మరో కౌంటర్లో కొట్టాడు. అది కూడా కడగని పళ్లేల్లో ఎక్కడో తిరుగుతూ ఉండాలి. 'సంకేతపదము మరపురానిదై, మనసుకు మిక్కిలి దగ్గరగా ఉండవలెను' అని మండలి నిబంధన. అబ్బులు నిబంధన తు.చ. తప్పకుండా పాటించాడు. తన మనసుకి అత్యంత దగ్గరగా, రోజూ నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి వెళ్లే మాటనే పెట్టుకున్నాడు. 'మట్టిబుర్రమార్తాండం'.

మండలి డైరెక్టరు గారి పేరు మార్తాండరావు.

ఆ మాట ఏ కౌంటర్లోనో ఎవరి కాయితం కిందో అచ్చయి, ఆ కాయితం ఆయన బల్ల మీదికొచ్చి, ఎవరిదో ఆరా తీస్తే అబ్బులు ఉద్యోగం ఊడినట్టే. పోనీ పాస్‌వర్డ్ మార్చుకుందామంటే, మార్పు కోరేవారు పాతదాన్ని స్పష్టంగా పలికి డైరెక్టరు గారి అనుమతి పొందాలి. ఆయన ఎదురుగా నిలబడి, ఆయన మొహం చూస్తూ, స్పష్టంగా.

అందుకని పాస్‌వర్డ్ ఊసెత్తకుండా జబ్బు సంగతి ఒక్కటే చెప్పడానికి డైరెక్టరు గదికి వెళ్లాడు. ఆయన అంతా విని కళ్లు మూసుకున్నారు. కళ్లు మూసుకుంటే ఆలోచిస్తున్నారని ఆఫీసులో అందరూ అనుకోవాలి.

"ఇది లోపమా, లక్షణమా?" అన్నారు కళ్లు తెరిచి.

"లోపమేనండి."

"లోపం అని రాస్తే బాధ్యులెవరని అడుగుతారు. 'అదనపు సమాచార వితరణ గుణం' అని రాయండి. దీని మీద ప్రజలకు ముందస్తు హెచ్చరిక జారీ చేద్దాం."

"ఒక్క వరుస రాస్తే పోతుందండి."

"వరుసలు తర్వాత. ముందు వైఖరి."

మర్నాటికి ప్రతి కౌంటరు మీదా హెచ్చరిక అంటించారు. 'ఇందుమూలముగా యావన్మంది ప్రజలకు తెలియజేయునది ఏమనగా, ధ్రువపత్రముల దిగువభాగమున ఇతరుల రహస్యములు కనబడిన యెడల వానిని చదువరాదు. ఏ భాగము చదువరాదో తెలియుటకై ముందుగా ఒకసారి క్షుణ్ణముగా చదివి చూచుకొనవలెను.'

అప్పటిదాకా కాయితం కిందిభాగం ఎవరూ చూసేవాళ్లు కారు. ఆ రోజు నుంచి పైభాగం చూసేవాళ్లు లేకుండా పోయారు. టీ బడ్డీల దగ్గర జనం తమకొచ్చిన తోకల్ని ఒకళ్లకొకళ్లు చదివి వినిపించుకోసాగారు. అవసరం లేకపోయినా నివాస ధ్రువపత్రం తీసుకునేవాళ్లు ఎక్కువయ్యారు. మండలి సేవలకు ఆదరణ పెరిగిందని డైరెక్టరు గారు పైకి నివేదిక పంపారు.

మంగతాయారు గారికి మాత్రం నోటీసు వెళ్లింది. ఇతరుల గురక సమాచారాన్ని అనధికారికంగా చదివినందుకు సంజాయిషీ ఇవ్వాలి. దానితోపాటు, చదివింది మరిచిపోయినట్టు, ఏం మరిచిపోయారో పూర్తి వివరాలతో, కౌంటర్లో ధ్రువపత్రం తీసుకుని సమర్పించాలి.

ఆవిడ చెప్పింది చెప్పినట్టు చేసి, ఆ కాయితం పట్టుకుని మళ్లీ అబ్బులు దగ్గరికొచ్చారు.

"ఇదిగో బాబూ, గురక మర్చిపోయేను. మీ కౌంటరు కుర్రాడి పులసపులుసు కూడా మర్చిపోయేను. అంతా ఇందులో వివరంగా రాయించేను. మరి దీని కింద చూడు."

అబ్బులు చూశాడు. 'గోడ పక్కవాడి స్థలంలోకి జరిపిన మాట నిజమే గానీ కోర్టులో ఒప్పుకోను' అని ఉంది.

"ఇదీ మర్చిపోవాలి కదా. దానికి ఇంకో కాయితం తీసుకోవాలి. మరి ఆ కాయితం కింద వచ్చేదో? నాయనా, నాకు వయసు మీదపడింది. ఎంతని మర్చిపోను?"

"మీరింక కౌంటర్ల వైపు వెళ్లకండి మామ్మగారూ. నేను చూసుకుంటాను." పైకి ఇలా అన్నాడు గానీ, ఆవిడ చేతిలో కాయితం కదిలినప్పుడల్లా అతని గుండె కదులుతోంది. ఈసారి గోడ వచ్చింది. వచ్చేసారి మట్టిబుర్ర రావచ్చు.

అబ్బులు పరుగున ఒక్క వరుసా రాసి సంతకానికి పెట్టాడు. డైరెక్టరు గారు దాన్ని రికార్డుల పరిరక్షణాధికారి లలితాంబ గారికి పంపారు. ఆవిడ ఆ వరుస చూసి కళ్లజోడు తీసేశారు.

"అబ్బులు గారూ, ఇక్కడ 'తుడుపు' అని వాడేరు. తుడవడమంటే?"

"పాతది పోయేలా సున్నాలు పెట్టడమండి."

"అంటే ధ్వంసం. ప్రభుత్వ యంత్రంలో, ప్రభుత్వ కరెంటుతో నిలబడిన ప్రతి అక్షరమూ ప్రభుత్వ రికార్డే. ముగ్గురు సభ్యుల కమిటీ చదివి, నిరుపయోగమని తేల్చందే ఏ రికార్డునీ ధ్వంసం చెయ్యకూడదు."

"మేడమ్, ఇది సెకనుకి లక్షసార్లు జరుగుతుందండి!"

"అయితే కమిటీ సెకనుకి లక్షసార్లు కూర్చోవాలి. నిబంధన నిబంధనే."

"అసలు గొడవే ఎవరిదో ఎవరో చదువుతున్నారని కదండీ. మళ్లీ మీరు చదవడమేంటండీ బాబూ?"

"వేలమంది ఒకరివొకరు చదువుకోవడం కంటే, ముగ్గురం కూర్చుని అందరివీ చదవడం రహస్యానికి మంచిది."

డైరెక్టరు గారికి ఆ మాట ఎంతో నచ్చింది. కమిటీకి ఆయనే అధ్యక్షుడయ్యారు. లలితాంబ గారు, లెక్కల విభాగం పెద్ద దొరబాబు గారు సభ్యులు. కెర్నల్‌ని కాస్త మార్చారు. పళ్లెం కడిగే ముందు అది ఆగుతుంది. పళ్లెంలో ఉన్నది సమావేశ మందిరంలో గోడ మీద పెద్దక్షరాలతో కనిపిస్తుంది. కమిటీ చదివి 'నిరుపయోగం' అనగానే అబ్బులు మీట నొక్కుతాడు. అప్పుడు తుడుస్తుంది. అంతదాకా రాష్ట్రంలో కౌంటర్లన్నీ నిలబడి ఉంటాయి. వాటి ముందు జనం నిలబడి ఉంటారు.

మొదటి రోజు సభ్యులు మొహాలు ముడుచుకుని కర్తవ్యంలా చదివారు. రెండో రోజుకి రుచి మరిగారు. ఎవరెవరి సెలవు చీటీలో, సంబంధాల కబుర్లో, రక్తపరీక్షలో, అలకలో వరసపెట్టి వస్తున్నాయి. లలితాంబ గారు వేరుశెనగ పప్పులు తెచ్చుకోవడం మొదలెట్టారు.

"ఆగవయ్యా అబ్బులూ, అప్పుడే తుడిచెయ్యకు. ఆ తణుకు అబ్బాయి సంబంధం కుదిరిందా లేదా?" దొరబాబు గారు కుర్చీ ముందుకు లాక్కున్నారు.

"తెలీదండి. సగమే ఉందండి. మిగతా సగం ఇంకే పళ్లెంలో ఉందో."

"వెతుకు మరి. సగం చదివి నిరుపయోగమని ఎలా సంతకం పెట్టను? నా మనస్సాక్షి ఒప్పుకోదు."

"పిల్ల తరఫు వాళ్లే వెనక్కి తగ్గుంటారు," అన్నారు లలితాంబ గారు. "మొన్న ఆ రక్తపరీక్ష ఆ అబ్బాయిదేనని నా అనుమానం."

డైరెక్టరు గారు మాత్రం గంభీరంగా, "కమిటీ ఊహాగానాలు చేయరాదు. అయిననూ నా అభిప్రాయం కూడా అదే," అన్నారు.

బయట కౌంటర్ల దగ్గర జనం గొడుగులేసుకుని కూర్చున్నారు. పుట్టినవాళ్లకి పుట్టినట్టు కాయితం లేదు, పోయినవాళ్లకి పోయినట్టు లేదు. మందిరంలో ఏసీ చల్లగా వీస్తోంది. అబ్బులు ఒక్కడికే చెమటలు. ప్రతి పళ్లేనికీ ముందు కళ్లు గట్టిగా మూసుకుని, తర్వాత ఒక కన్ను తెరిచేవాడు. గోడ మీద గురకో గోడో కనిపిస్తే ఊపిరి పీల్చుకునేవాడు.

ఒక మధ్యాహ్నం తెరిచిన కన్ను మళ్లీ మూతపడలేదు. గోడ మీద, గది మొత్తానికి ఒకే ఒక్క మాట, మూరెడేసి అక్షరాలతో వెలుగుతోంది.

డైరెక్టరు గారికి ప్రతిదీ పైకి చదివే అలవాటు. "మట్టిబుర్ర... మార్తాండం," అని స్పష్టంగా, సభాముఖంగా చదివారు. చదివాక అర్థమైంది.



లలితాంబ గారు కలం తీశారు. "సార్, ఏం రాయమంటారు?"

"ఏమిటి ఏం రాయమనడం?"

"నిరుపయోగమైతే ధ్వంసం చేస్తామండి. యథార్థమని కమిటీ భావిస్తే మాత్రం శాశ్వత భద్రతకి పంపాలి."

"ముందు ఇది ఎవరి పాస్‌వర్డో తేలాలి!" డైరెక్టరు గారు బల్ల గుద్దారు. "ఏవయ్యా అబ్బులూ, ఎలా తెలుస్తుంది?"

"తెలీదండి. కుదరదండి. అసాధ్యమండి," అన్నాడు అబ్బులు ఒకే గుక్కలో.

"ఎందుకు కుదరదు?" దొరబాబు గారికి అవసరం లేని చోట బుర్ర పాదరసంలా పనిచేస్తుంది. "ఒక్కొక్కళ్ల పేరూ పెట్టి ఈ మాట కొట్టి చూడు. ఎవరిది తెరుచుకుంటే వాడే."

"భేష్. ఇక్కడే, ఇప్పుడే, గోడ మీద కనిపించేలా కొట్టు. అక్షరక్రమంలో," అన్నారు డైరెక్టరు గారు.

అక్షరక్రమంలో మొదటి పేరు అబ్బులు. "అక్షరక్రమం చిన్న బళ్లలో పాటిస్తారండి. ఇంత పెద్ద మండలిలో హోదా ప్రకారం వెళ్తేనే మర్యాదండి. మిమ్మల్ని ఎలాగూ అనుమానించం కాబట్టి, లలితాంబ మేడమ్‌తో మొదలెట్టి, నాలాంటివాళ్లని ఆఖర్న చూద్దామండి."

హోదా మాట డైరెక్టరు గారిని ఎప్పుడూ ఓడిస్తుంది. సరేనన్నారు. ఆఖరి పేరు వచ్చేలోపు కరెంటు పోవాలనో, భూకంపం రావాలనో మొక్కుకుంటూ అబ్బులు లలితాంబ గారి పేరు పెట్టి, ఆ మాట కొట్టాడు.

'సుస్వాగతం, లలితాంబ గారూ' అంది గోడ.

అబ్బులు గోడ వైపు చూశాడు. తన వేళ్ల వైపు చూసుకున్నాడు.

"అది... గుర్తుపెట్టుకోవడం తేలికని..." లలితాంబ గారు వేరుశెనగ పొట్లం మడిచేశారు. "దొరబాబు గారు చెప్పేరండి. ఒట్టేయించుకుని మరీ చెప్పేరు."

'సుస్వాగతం, దొరబాబు గారూ' అంది గోడ, అబ్బులు ఆ పేరు కొట్టగానే.

దొరబాబు గారు అబ్బులు వైపు ఒక చూపు చూశారు. ఆ చూపుతో అబ్బులుకి అంతా గుర్తొచ్చింది. ఎప్పుడో తను సెలవు మీద ఉండగా ఏదో తెరవాలని ఆయన ఫోన్ చేస్తే, ప్రాణం పోయినా బయటపెట్టనని ఆయనచేత ఒట్టు వేయించుకుని తన పాస్‌వర్డ్ చెప్పాడు. ఇన్నాళ్లూ కెర్నల్‌కి కన్నం పడిందని ఏడుస్తున్నాడు గానీ, మొదటి కన్నం తన నోరే. దొరబాబు గారు నోరు విప్పితే తన పని అయిపోయినట్టే. విప్పితే ఆయన ఒట్టు తప్పినట్టూ తేలుతుంది. ఇద్దరూ ఒకేసారి సీలింగు ఫ్యాను వైపు చూశారు.

స్టోర్స్ వారిది కొట్టాడు. సుస్వాగతం. రవాణా వారిది. సుస్వాగతం. నిన్నగాక మొన్న చేరిన టైపిస్టుది. సుస్వాగతం. ఆ అమ్మాయి చేరిన రోజున ఆఫీసు తాళాలతోపాటు ఆ మాట కూడా ఇచ్చి, అది ఆఫీసు ఆనవాయితీ అని చెప్పారట. అబ్బులు తన పేరు ఎప్పుడు కొట్టాడో, అదెప్పుడు తెరుచుకుందో ఎవరూ పట్టించుకోలేదు. గోడ స్వాగతం చెప్పి చెప్పి అలిసిపోయింది.

"ఇంకెవరున్నారు?" అన్నారు డైరెక్టరు గారు.

"మీరొక్కరేనండి. మీది అక్కర్లేదండి."

"నాదేమిటో నాకే తెలీదు. పొద్దున్నే మా పి.ఏ. తెరిచి పెడతాడు. మొత్తం మండలిలో నేనొక్కణ్ణే సచ్ఛీలుణ్ణని తేలాలి. కొట్టు!"

అబ్బులు దొరబాబు గారి వైపు చూశాడు. ఆయన లలితాంబ గారి వైపు చూశారు. ఆవిడ కళ్లు మూసుకున్నారు. అబ్బులు కొట్టాడు.

'సుస్వాగతం, మార్తాండరావు గారూ. ఈ రోజు మీకు శుభప్రదమగు గాక.'

లలితాంబ గారు మళ్లీ కలం అందుకున్నారు. "రికార్డు కోసం అడుగుతున్నాను సార్. 'ఏకగ్రీవం' అని రాయమంటారా? అధ్యక్షుల వారితో సహా అందరూ..."

"నిరుపయోగం! నిరుపయోగమని రాయండి! తుడవండి! చదవకుండా తుడవండి!"

అబ్బులు జేబులోంచి ఆ ఒక్క వరుస ఉన్న కాయితం తీసి బల్ల మీద పెట్టాడు. డైరెక్టరు గారు కళ్లు మూసుకోకుండానే సంతకం చేశారు. ఆ సాయంత్రం వెలువడిన ఉత్తర్వు ఇది: 'మెమరీ యందలి శేషములను ఇకపై ఎవ్వరును చదువక, చూడక, చూచిననూ గుర్తుంచుకొనక, తత్క్షణమే తుడిచివేయవలెను. ఇప్పటివరకు ఏమియు కనబడలేదని ఎల్లరును గ్రహించవలెను. కమిటీ రద్దు.' తణుకు అబ్బాయి సంబంధం మాత్రం అలాగే తేలకుండా మిగిలిపోయింది. దొరబాబు గారు దాని గురించి ఇప్పటికీ బెంగపడుతూనే ఉన్నారు.

స్వయంభు అప్పటి నుంచి పళ్లేలు కడిగే ఇస్తోంది. మరుసటి ఏడు మంగతాయారు గారు మళ్లీ బతికున్నట్టు కాయితం తీసుకున్నారు. దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుని, మళ్లీ అబ్బులు దగ్గరికొచ్చారు.

"కింద ఏమీ లేదేంటి బాబూ? మరీ బోసిగా ఉంది. కాస్త ఏదైనా వేసివ్వకూడదూ?"

ఇదీ జరిగింది. ఇందులో నేను కల్పించింది ఏదో ఒకటి ఉండే ఉంటుందని మీకు అనుమానం వచ్చే ఉంటుంది. మరిచిపోయినట్టు తీసుకున్న కాయితమా అంటే, కాదు. వేరుశెనగ పప్పులా అంటే, అవీ కాదు. డైరెక్టరు గారికి కూడా గోడ స్వాగతం చెప్పిన మాట అచ్చమైన నిజం. నేను కల్పించింది ఆ పాస్‌వర్డ్ ఒక్కటే. అసలుది అంతకంటే పొట్టిది, అంతకంటే ఘాటైనది. అదే రాద్దామని కూర్చున్నాను కూడా. పక్కనే ఉన్న అబ్బులు నా చెయ్యి గట్టిగా పట్టేసుకున్నాడు.

"వద్దు బాబాయ్, నీకు పుణ్యముంటుంది. ఆఫీసులో ఇంకా అదే వాడుతున్నాం."